దూరపు ఊళ్ళ ప్రేక్షకులు - బాలే నృత్యము

కళలలో కొన్నిటికి ప్రయాణము సులభము. కావ్యము అచ్చుపడిన పిమ్మట ఏ మారుమూల పల్లెకైనను తపాలా సంచిలో చేరగలదు. చిత్రమునకు ప్రతి తీయవచ్చును. సంగీతమును రేడియో ఇంటింటికి చేర్చినది. గాయకుడు మద్రాసులోనో ఢిల్లీలోనో పాడుచుండగా, వందల మైళ్ళ దూరమున వసారాలో కూర్చున్న శ్రోత ఆ క్షణముననే విని తల యూపగలడు. కాని మా రేడియోవారు చేయలేని పని యొకటి కలదు. నృత్యమును మేము పంపలేము. చైకోవ్‌స్కీ బాలే కొరకు కూర్చిన సంగీతమును వినిపింపగలము గాని, ఆ సంగీతమును ఆశ్రయించి లేచిన పాదమును చూపలేము.

కావున నృత్యాభిమాని మహానగరమున నివసింపనివాడైనచో వానికి రెండే దారులు. నాట్యబృందము వాని ఊరికి రావలెను. లేక వాడు నాటకశాల యున్న నగరమునకు పోవలెను. ఇరువదవ శతాబ్దమున మూడవ దారి యొకటి ఏర్పడినది. నర్తకి రాకపోయినను ఆమె బొమ్మ తెరమీదికి వచ్చినది. ఈ మూడు దారులలో దూరపు ఊళ్ళ ప్రేక్షకులకు దక్కినదేమి, దక్కనిదేమి, వారి వలన బాలే కళకు కలిగిన మేలేమి అను విషయమును ఈ ప్రసంగమున విచారింతము.

బాలే ఇటలీ దేశపు రాజాస్థానములలో పుట్టి, ఫ్రాన్సులో పెరిగి, రష్యాలో పండిన కళ. 1661లో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ పారిస్ నగరమున నృత్యమునకు ప్రత్యేకముగా ఒక అకాడమీని నెలకొల్పెను. 1890లో రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గులోని మరీన్‌స్కీ నాటకశాలలో, పెటిపా నృత్యము కూర్చగా చైకోవ్‌స్కీ సంగీతముతో 'నిద్రించు సుందరి' మొదటిసారి ప్రదర్శింపబడెను. ఇట్టి ప్రదర్శనకు విశాలమైన రంగస్థలము కావలెను. నిండు వాద్యబృందము కావలెను. బాల్యమునుండి ఏండ్ల తరబడి శిక్షణ పొందిన నర్తకీనర్తకులు పదుల సంఖ్యలో కావలెను. ఇవన్నియు రాజుల ఖజానాతోనో ప్రభుత్వ ధనముతోనో నడిచెడివి. కనుకనే బాలే చిరకాలము కొలది మహానగరములకే కట్టుబడి యుండినది.

మన కూచిపూడి భాగవతుల పద్ధతి దీనికి విరుద్ధమైనది. వారు మేళము కట్టుకొని ఊరూర తిరిగి, ఆరుబయట తెర పట్టి, కాగడాల వెలుగులో రాత్రి ప్రొద్దుపోవుదాక ఆడెడివారు. అక్కడ ఆటయే ప్రేక్షకుని వెదకికొనుచు పోయినది. బాలే విషయమున ప్రేక్షకుడే ఆటను వెదకికొనుచు పోవలసివచ్చెను.

అట్లు పోయెడివాని పాట్లు ఏ దేశమునందైనను ఒక్క తీరుననే యుండును. నెలల ముందే టిక్కెట్టు కొనవలెను. ఆ రోజునకు సెలవు సంపాదింపవలెను. రైలు ఖర్చు టిక్కెట్టు ఖర్చును మించును గనుక, టిక్కెట్టు చవుకది కొనవలెను. అనగా గ్యాలరీలో కట్టకడపటి వరుస. తీరా నాటకశాల చేరునప్పటికి, ఏ నర్తకి కొరకు వచ్చెనో ఆమె అస్వస్థురాలైనదనియు, ఆమెకు మారుగా మరియొకరు ఆడుదురనియు తెలుపు చిన్న కాగితము చేతికందును. నగరవాసి యైనచో, పోనిమ్ము, వచ్చే వారము చూతములే యని ఇంటికి మరలును. దూరపువానికి వచ్చే వారము లేదు. కడపటి రైలు తప్పిపోవునను భయమున, ప్రేక్షకులు లేచి నిలిచి చప్పట్లు కొట్టుచుండగానే వాడు మెట్లు దిగి పరుగెత్తవలెను. ఐనను ఇందులో ఒక లాభము లేకపోలేదు. ఊరినుండి వచ్చినవానికి తరచుగా దొరకునది మధ్యాహ్నపు ఆట. పేరుమోసిన నర్తకులు సాధారణముగా రాత్రి ఆటలో నుందురు. పైకి వచ్చుచున్న యువతీయువకులకు ముఖ్య పాత్రలు మధ్యాహ్నమున లభించును. రేపటి ప్రసిద్ధులను ఈనాడే చూచు భాగ్యము ఈ విధముగా దూరపువారికే దక్కుచుండును.

ప్రేక్షకుడు తన కడకు రాలేనిచో తానే వాని కడకు పోవలెనని సంకల్పించి, ఆ సంకల్పమును ఆజన్మాంతము నడపిన నర్తకి అన్నా పావ్లోవా. ఆమె 1881లో సెయింట్ పీటర్స్‌బర్గున పేదయింట పుట్టినది. బాల్యమున 'నిద్రించు సుందరి'ని చూచి నర్తకి కావలెనని పట్టుపట్టి, మరీన్‌స్కీలో ప్రధాన నర్తకి పదవిని అందుకొనినది. ఆ పదవిలో నిలిచి యున్నచో సుఖముగా జీవింపగలిగి యుండెడిది. అట్లు గాక, తన స్వంత బృందమును కూర్చుకొని సుమారు ఇరువది ఏండ్లు లోకమంతయు తిరిగినది. దక్షిణ అమెరికా, జపాను, బర్మా, ఈజిప్టు, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా - ఆమె పోని దిక్కు లేదు. నాటకశాల లేకపోయినను ఆమెకు చింత లేదు. 1919లో మెక్సికో నగరమున వృషభ యుద్ధములు జరుగు బయలులోనే ఆడినది. 1931 జనవరిలో హాలెండు దేశపు హేగ్ నగరమున మరణించు నాటికి కూడ ఆమె పర్యటనలోనే యుండినది.

ఈ పర్యటనలలో చూపబడిన నృత్యములన్నియు గొప్పవి కావని విమర్శకులు చెప్పుదురు. బృందము చిన్నది, తెరలు మడిచి ఓడలో వేయదగినవి, సంగీతము ఏ ఊరి వాద్యగాండ్రైనను వాయింపగలిగినది. ఇది నిజమే. కాని ఆ ప్రదర్శనలు ఎవరి కంట బడినవో చూతము. 1917లో పెరూ దేశపు రాజధాని లీమాలో ఆమె ఆడగా, ప్రేక్షకులలో పదుమూడేండ్ల ఆంగ్లేయ బాలుడొకడు కూర్చుండి యుండెను. తండ్రి వ్యాపార నిమిత్తము ఆ దేశమున నుండెను. బాలేతో వారి కుటుంబమునకు ఏ సంబంధమును లేదు. ఆ రాత్రితో ఆ బాలుని జీవితము మారిపోయినది. అతడే ఫ్రెడరిక్ ఆష్టన్. తరువాతి కాలమున ఇంగ్లండు బాలేకు తనదను నడకను కల్పించిన నృత్యకర్త అతడే. 1963 మొదలు 1970 వరకు రాయల్ బాలేకు అధిపతిగా నుండెను. పావ్లోవాను చూచుటతో తన నెత్తురులో విషమెక్కినదని ఆయన వృద్ధాప్యమున కూడ చెప్పుకొనెడివాడు. ఆస్ట్రేలియాలోని మౌంట్ గాంబియరు అను చిన్న పట్టణమున పుట్టిన రాబర్టు హెల్ప్‌మన్ కథయు ఇట్టిదే. 1926లో పావ్లోవా ఆస్ట్రేలియాకు వచ్చినపుడు అతడామె బృందముతో కలిసి శిక్షణ పొందెను. పిమ్మట లండనుకు పోయి, అక్కడి ప్రధాన నర్తకుడయ్యెను.

మన దేశమునకు కూడ ఆమె 1922లోను, మరల 1928లోను వచ్చినది. మొదటి యాత్రలో చూచిన దృశ్యములు ఆమె మనస్సున నిలిచినవి. 1923లో లండనున చిత్రకళ నభ్యసించుచున్న ఉదయశంకరుని సాయముతో 'హిందూ వివాహము', 'రాధాకృష్ణులు' అను రెండు నృత్యములను కూర్చుకొనినది. కృష్ణుడుగా ఉదయశంకరుడే ఆడెను. చిత్రకారుడు కాబోయినవాడు నర్తకుడయ్యెను. రెండవ యాత్రలో బొంబాయి ప్రదర్శనకు పోయినవారిలో రుక్మిణీదేవి అరండేలు ఒకరు. ఆ పిమ్మట ఆస్ట్రేలియాకు పోవు ఓడలో ఇరువురికి స్నేహము కుదిరినది. రుక్మిణీదేవి పావ్లోవా బృందములోని క్లియో నోర్డీ వద్ద బాలే నేర్చుకొనసాగిరి. మీ దేశపు నృత్యమును మీరు వెదకికొనుడని పావ్లోవా ఆమెను ప్రోత్సహించినది. 1936లో అడయారున వెలసిన కళాక్షేత్రమునకు వెనుక ఆ ఓడ ప్రయాణమున్నది. భరతనాట్య చరిత్రలో ఒక మలుపునకు, ఊరూర తిరిగిన ఒక రష్యను నర్తకి కూడ కారకురాలైనదన్న మాట.

పావ్లోవా వేసిన బాటను ఇతరులు త్రొక్కిరి. 1930 దశాబ్దమున రష్యను బాలే బృందములు అమెరికా దేశమున ప్రత్యేకపు రైళ్ళలో తిరుగుచు, ఒక్కొక్క ఊర ఒక్కొక్క రాత్రి ఆడి, తెల్లవారునప్పటికి మరియొక ఊరు చేరెడివి. 1936 - 1940 సంవత్సరముల మధ్య అట్టి బృందములు మూడుసార్లు ఆస్ట్రేలియాకు పోయినవి. మెల్బోర్నులో రింగ్లండ్ ఆండర్సన్ అను కంటివైద్యుడును, సిడ్నీలో ఈవన్ మరీ-విల్ అను చర్మవైద్యుడును ఆ నర్తకులతో స్నేహము చేసి, తమ చిన్న కెమెరాలతో వారి నృత్యములను చిత్రించిరి. వృత్తి వేరు, ఉన్నది యూరపునకు వేల మైళ్ళ దూరమున. ఐనను ఆ కాలపు నృత్యములను గూర్చి పరిశోధించువారు నేడు ఆశ్రయించు ఆధారములలో ఆ వైద్యుల చిత్రములు ముఖ్యమైనవి.

ఇక్కడ ఒక విచిత్రమును గమనింపవలెను. 1909 మొదలు 1929 వరకు యూరపును ఉఱ్ఱూతలూగించిన డయాగిలెవ్ బృందము తన నృత్యములను చలనచిత్రముగా తీయనిచ్చినది కాదు. ఆనాటి కెమెరా నృత్యమును వికృతము చేయునని డయాగిలెవ్ భయపడెను. ఆ భయము నిష్కారణమైనది కాదు. మూకీ చిత్రములను తీసిన వేగము వేరు, తరువాతి యంత్రములు చూపు వేగము వేరు. అందుచే నర్తకులు కీలుబొమ్మలవలె గంతులు వేయుచున్నట్లు కనబడుదురు. ఫలితమేమనగా, ఇరువది ఏండ్ల మహోజ్జ్వల చరిత్రకు, 1928లో స్విట్జర్లాండులోని మాంత్రో పట్టణమున ఒక పూల పండుగలో ఎవరో తీసిన కొలది క్షణముల చిత్రము దక్క, కదలు సాక్ష్యము దాదాపు లేదు. ఆ తునక యైనను గుర్తింపబడినది 2011లో. పావ్లోవా ఇందుకు భిన్నముగా 1924లో హాలీవుడ్‌లో కెమెరా ఎదుట తన నృత్యములు కొన్ని ఆడినది. అందులో ప్రసిద్ధమైన 'మరణించు హంస' కూడ నున్నది. చిత్రము మసక, సంగీతము లేదు. ఐనను ఆ చేతుల కదలికను చూచినవారికి, లీమాలోని బాలుడు ఏమి చూచి యుండునో కొంత బోధపడును.

అమెరికాలో విక్టర్ జెసెన్ అను అభిమాని మరింత సాహసము చేసెను. 1944 మొదలు సుమారు పదేండ్లు, మాంటీకార్లో రష్యను బాలే బృందమువారు 'పారిస్ ఉల్లాసము' అను నృత్యమును ఆడిన చోటులకు పోయి, ప్రేక్షకుల నడుమ కూర్చుండి, రహస్యముగా తునకలు తునకలుగా చిత్రించెను. అట్లు వేరువేరు రాత్రులలో తీసిన తునకలను సంగీతముతో సరికూర్చి ఒక్క ప్రదర్శనగా అతికెను. చేసినది నిబంధనలకు విరుద్ధమే. కాని అలెగ్జాండ్రా డానిలోవా మొదలైనవారు రంగస్థలమున నిజముగా ఎట్లు ఆడిరో నేటివారికి తెలియుట ఆ దొంగచిత్రము వలననే.

చలనచిత్ర పరిశ్రమ బాలేను గట్టిగా చేపట్టినది 1948 ప్రాంతమున. ఆ యేట బ్రిటనులో మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ తీసిన 'ఎఱ్ఱ పాదరక్షలు' చిత్రములో సుమారు పావుగంట నిడివిగల బాలే యున్నది. మోయిరా షియరర్ అందులో నాయిక. నృత్యకర్త మౌంట్ గాంబియరు హెల్ప్‌మనే. న్యూయార్కులో ఒకే సినిమాహాలున ఆ చిత్రము రెండేండ్లకు పైగా ఆడినది. దానిని చూచి నృత్యపాఠములకు పోయిన బాలికలు దేశదేశములలో నున్నారు. అదే సంవత్సరమున మద్రాసులోని జెమినీ స్టూడియోలో తీసిన ఉదయశంకరుని 'కల్పన' విడుదలయ్యెను. నృత్యమే కథగా, నర్తకుడే దర్శకుడుగా తీసిన ఆ చిత్రము ఆనాడు ధనము తేలేదు. కాని ఉదయశంకరుని నృత్యము ఎట్టిదని నేటి విద్యార్థి అడిగినచో చూపుటకు మనకున్న గొప్ప ఆధారము అదియే. శిథిలమైన ప్రతిని బాగుచేసి 2012లో కాన్ చలనచిత్రోత్సవమున చూపిరి.

1956 అక్టోబరులో మాస్కో బొల్షాయ్ బృందము మొదటిసారి లండనుకు వచ్చెను. టిక్కెట్టుల కొరకు జనము రాత్రింబవళ్ళు కాలిబాటపై పడుకొని వేచి యుండిరి. నలుబదియారేండ్ల గలీనా ఉలానోవా జూలియట్‌గా రంగమెక్కగా, ఆమె వయస్సును మరచి ప్రేక్షకులు కన్నీరు పెట్టుకొనిరి. కాలిబాటపై పడుకొనుటకు లండను చేరలేనివారి మాట ఏమి? పాల్ త్సినర్ అను దర్శకుడు కొవెంట్ గార్డెన్ నాటకశాలలో పలు కెమెరాలను ఏకకాలమున నడపి, ఆమె 'జిసెల్' నృత్యమును చిత్రించెను. తునకలుగా గాక, ప్రదర్శన సాగినది సాగినట్లు పట్టుట ఆయన పద్ధతి. ఆ చిత్రము 1957లో విడుదలయ్యెను. పదేండ్లకు, 1966లో, ఆయనయే మార్గట్ ఫాంటేన్, రుడోల్ఫ్ నురెయెవ్‌ల 'రోమియో జూలియట్'ను కూడ తెరకెక్కించెను.

టెలివిజను మాటకు వత్తము. లండనున బి.బి.సి. టెలివిజను 1936 నవంబరులో ఆరంభమైన కొలది దినములకే అందులో బాలే కనబడెను. కాని ఆ ప్రసారము లండను పరిసరములు దాటి పోలేదు. నాటకశాలకు ట్రాము బండిలో పోగలిగినవారికే అదియు దక్కినది. ఇంగ్లండు మధ్యప్రాంతమునకు టెలివిజను చేరుటకు 1949 డిసెంబరు రావలసివచ్చెను. అమెరికాలో 1955 డిసెంబరు 12న ఎన్.బి.సి. వారు ఫాంటేన్ నాయికగా 'నిద్రించు సుందరి'ని ప్రసారము చేయగా, సుమారు 3 కోట్లమంది చూచిరని అంచనా. కొవెంట్ గార్డెనులో సుమారు 2,200 ఆసనములున్నవి. అంతమంది ఆ నాటకశాలలో చూడవలెనన్నచో, ప్రతిరాత్రియు నిండిపోయినను 37 ఏండ్లు పట్టును. కాని ఆనాటి తెర జానెడు, మూరెడు. ఇరువది నాలుగుమంది హంసకన్యలు వరుస తీరినచో దానిపై తెల్లని చుక్కలవలె కనబడెడివారు.

ఆ కొరతను మన శతాబ్దము చాలవరకు తీర్చినది. 2006 డిసెంబరు 30న న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరావారు తమ ప్రదర్శనను ఉపగ్రహము ద్వారా దూరపు సినిమాహాళ్ళకు అదే క్షణమున పంపిరి. బాలే బృందములు ఆ దారిని పట్టినవి. లండను రాయల్ బాలే ప్రదర్శనలును, 2010 మొదలు మాస్కో బొల్షాయ్ ప్రదర్శనలును అనేక దేశముల చిన్న పట్టణములలో తెరపై కనబడినవి. విరామ సమయమున నర్తకులు తెర వెనుక కాళ్ళు సాగదీయుచుండుట, గురువులు పాత్రను గూర్చి చెప్పుట దూరపువానికి కనబడును. నాటకశాలలో ఖరీదైన ఆసనమున కూర్చున్నవానికి ఈ భాగ్యము లేదు. 2020లో మహమ్మారి వలన నాటకశాలలు మూతపడగా, నగరవాసియు దూరపువాడే అయ్యెను. అందరును ఇంటి తెరలనే ఆశ్రయించిరి. 2022లో యుక్రెయిన్ యుద్ధము ముదిరినప్పుడు బొల్షాయ్ ప్రసారములు విదేశములలో నిలిచిపోయినవి. తెర దారి కూడ ఎప్పుడైనను మూతపడగలదని అప్పుడు తెలిసినది.

అయినచో తెర చాలునా? న్యాయముగా తూచి చూతము. గ్యాలరీ కడపటి వరుసలోనివానికి నర్తకి ముఖము కనబడదు. తెరపై ఆమె కంటి రెప్ప కదలుట కనబడును. కాని తెరపై మనము చూచునది మన చూపు కాదు, దర్శకుని చూపు. నాయిక ముఖమును దగ్గరగా చూపినంతసేపు ఆమె పాదములు పోవును. పాదములను చూపినంతసేపు వెనుకనున్న బృందము పోవును. 'హంసల కొలను'లో అందమంతయు ఒక్క హంసలో లేదు. గుంపు వరుసలు విడిపోయి కలియుటలో నున్నది. దానిని నిండుగా చూడగలిగినవాడు గ్యాలరీలోని బీదవాడే. మరియు రంగస్థలమున నర్తకి గాలిలోనికి లేచినపుడు, ఆమె పడవచ్చునను భయము ప్రేక్షకుని గుండెలో నుండును. పాదరక్షలు బల్లపై తగులు చప్పుడు వినబడును. వందలమంది ఒక్కసారి ఊపిరి బిగబట్టుట వాడెరుగును. ఆమెకును వారి ఉనికి తెలియును. చప్పట్లు ఆమెకు చేరును. సినిమాహాలులో చప్పట్లు కొట్టిన అవి తెరకే తగులును.

మా అభిప్రాయమున అసలు చిక్కు మరియొకటి కలదు. దూరపు ఊళ్ళకు తెర పోవుచున్నది గదా, ఇక బృందము పోనేల అను తలంపు నాటకశాలల లెక్కల పుస్తకములలోనికి సులువుగా ప్రవేశింపగలదు. వందమందిని, తెరలను, దుస్తులను, దీపములను మోసికొనిపోవుట మిక్కిలి వ్యయసాధ్యము, ప్రసారము చవుక. ఆ వాదమునకు జవాబు లెక్కలలో దొరకదు, చరిత్రలో దొరకును. 1917లో ఆ యాత్ర లేకున్నచో ఇంగ్లండు బాలేకు ఆష్టన్ దొరకునా? అది ఆడిన రాత్రి లాభమో నష్టమో ఎవరికిని జ్ఞాపకము లేదు. ఫలము ఏ ఊర, ఏ వరుసలో కూర్చుండునో ముందు తెలియదు గనుక, అన్ని ఊళ్ళకు పోవుటయే ఉపాయము.

అట్లని తెరను నిందించుట మా ఉద్దేశము కాదు. రేడియోలో పనిచేయు మేము దూరమునకు పంపు సాధనములను నిందింపనేల? రేడియోలో పాట విన్నవాడు కచేరీ మానలేదు. ఫలానా విద్వాంసుడు మన ఊరికి వచ్చునని తెలిసిన నాడు ముందు వరుసలో కూర్చున్నది ఆ రేడియో శ్రోతయే. తెర కూడ అట్టి పనిని చేయగలదు, చేసినది. ఉలానోవాను తెరపై చూచినవారు పిమ్మట బొల్షాయ్ బృందము తమ నగరమునకు వచ్చినపుడు వరుసలలో నిలిచిరి. తెర ఆకలిని పుట్టింపవలెను, ఆకలి తీరినదని నమ్మింపరాదు.

నృత్యమునందు ఆసక్తిగల మన పాఠకులకు ఒక్క మాట. 'కల్పన' వంటి చిత్రములు, పావ్లోవా హంస నృత్యపు మసక చిత్రము నేడు ఇంటనుండియే చూడదగియున్నవి, తప్పక చూడుడు. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూడుడు. కాని మీ ఊరికి గాని, ప్రక్క ఊరికి గాని ఒక మేళము వచ్చినదని విన్ననాడు, అది కూచిపూడి వారిదైనను, మరి యే దేశము వారిదైనను, ఆ పిల్లల చేయి పట్టుకొని బయలుదేరుడు. వెనుక వరుసలో చోటు దొరికినను చాలును.